తీగ సడలిస్తేనే శ్రుతి కుదిరే గిటారు

హవాయి గిటారు అనగానే మనలో కాస్త వయసు మళ్లినవాళ్లకు ఒకటే గుర్తొస్తుంది. వాద్యాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీని జారుస్తూ, పాత సినిమా పాటను మనిషి గొంతులా సాగదీసి పలికించడం. రేడియోలో రెండు కార్యక్రమాల మధ్య ఖాళీ వస్తే ఆ వాయిద్యం వేసేవారు. ఈ వ్యాసం ఆ గిటారు గురించి కాదు, దానికి అక్కలాంటి మరో గిటారు గురించి. అదీ హవాయి దీవుల్లోనే పుట్టింది. కానీ దాదాపు వందేళ్లపాటు ఇంటి వసారా దాటి పెద్దగా బయటికి రాలేదు. అక్కడివాళ్లు దాన్ని కీ హోఆలు అంటారు, బయటివాళ్లు స్లాక్ కీ అంటారు. రెండింటి అర్థమూ ఒకటే, బిరడా సడలించడం.

ఈ సంప్రదాయాన్ని ఫలానా యువకుడు, ఉదాహరణకు మకానా అనే గిటారు వాద్యకారుడు, అందిపుచ్చుకున్నాడని హవాయి పత్రికలు తరచు రాస్తుంటాయి. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ఏమి అందుకున్నాడు? శ్రుతినా, పాటనా, చేతివాటాన్నా, భాషనా? ఒకప్పుడు సొంత బంధువులకు కూడా చూపకుండా దాచుకున్న విద్యను ఇవాళ అంగట్లో పుస్తకం కొని నేర్చుకోవచ్చు. అలాంటప్పుడు వారసుడు అనే మాటకు అర్థమేమిటి? చిక్కుముడి అక్కడే ఉంది.

ముందు మూడు వాద్యాలను విడదీసుకోవాలి. నాలుగు తీగల చిన్న ఉకులేలే హవాయిది అని లోకమంతా అనుకుంటుంది గానీ, దాని మాతృక పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి వచ్చింది. 1879లో రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో చెరకు తోటల్లో పనికి వచ్చిన కూలీలు తెచ్చిన చిన్న గిటారు అది. ఉక్కు కడ్డీతో వాయించే స్టీల్ గిటారు 1880ల చివరలో వచ్చింది. జోసెఫ్ కెకుకు అనే బడిపిల్లవాడు దాన్ని రూపుదిద్దాడని చెబుతారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రదర్శన తర్వాత అది అమెరికాను ఊపేసింది. 1940లలో టావ్ మో కుటుంబం కలకత్తాలో ఉండి వాయించడంతో మన దేశంలోనూ పాతుకుపోయింది. కీ హోఆలు ఈ రెండింటికంటే పెద్దది. స్టీల్ గిటారుకు శ్రుతులను అప్పు ఇచ్చింది కూడా ఇదే. చెల్లెలు దేశాలు తిరిగి పేరు తెచ్చుకుంటే అక్క ఇంట్లోనే ఉండిపోయింది.

సడలించడం అంటే ఏమిటో చేసి చూస్తేనే తెలుస్తుంది. ఇంట్లో గిటారు ఉంటే చేతిలోకి తీసుకోండి. మామూలు శ్రుతిలో లావు తీగ నుంచి సన్న తీగ వరకు స్వరాలు ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఎడమ చేతి వేళ్లు ఎక్కడా నొక్కకుండా ఆరు తీగలనూ ఒక్కసారి మీటితే వినడానికి బాగుండదు, ఏదో అడిగి ఆగిపోయినట్టు ఉంటుంది. ఇప్పుడు అన్నిటికంటే లావు తీగను ఇ నుంచి డి వరకు దించండి. దాని పక్క తీగను ఎ నుంచి జి వరకు, అన్నిటికంటే సన్న తీగను ఇ నుంచి డి వరకు దించండి. మిగిలిన మూడింటినీ ముట్టుకోవద్దు. మళ్లీ మీటండి. ఒక నిండు స్వరమేళం గది అంతా పరుచుకుంటుంది.

మన భాషలో చెప్పుకుంటే విషయం ఇంకా తేలిక. జి స్వరాన్ని షడ్జమం అనుకోండి. అప్పుడు ఆరు తీగలు వరుసగా ప, స, ప, స, గ, ప అవుతాయి. అంటే తంబూరా మోత ఆ తీగల్లోనే అమరి ఉంది. బొటనవేలు లావు తీగల మీద షడ్జమాన్నీ పంచమాన్నీ మార్చి మార్చి మీటుతూ ఉంటే, మిగిలిన వేళ్లు పైతీగల మీద పాట నడుపుతాయి. ఒకే మనిషి వాయిస్తుంటే ఇద్దరు కూర్చుని వాయిస్తున్నట్టు వినిపించడానికి కారణం ఇదే. వీణ మీద పక్కతీగలు చేసే పనిని ఇక్కడ బొటనవేలు చేస్తుందని చెప్పవచ్చు. కాకపోతే వీణలో అది తాళానికి గుర్తు, ఇక్కడ నడకకు ప్రాణం.

ఈ శ్రుతికి అక్కడ టారో పాచ్ అని పేరు. టారో అంటే చేమ. హవాయివాళ్ల ముద్ద చేమదుంపే. మనం వరికి నీళ్లు పెట్టినట్టే మళ్లలో నీళ్లు నిలిపి పండిస్తారు. కాబట్టి తెలుగులో చెప్పాలంటే ఇది చేమమడి శ్రుతి. సంగీత శాస్త్రంలో ఇంత కడుపు నింపే పేరు నేనింకెక్కడా వినలేదు.

శ్రుతి ఇదొక్కటే కాదు, పదుల కొద్దీ ఉన్నాయి. వాటిలో వహినె అనే కుటుంబం ఒకటి. వహినె అంటే స్త్రీ. చేమమడి శ్రుతిలో సన్న తీగ వైపు నుంచి లెక్కిస్తే మూడో తీగ షడ్జమం గదా, దాన్ని అరస్వరం దించి కాకలి నిషాదం చేస్తే వహినె శ్రుతి వస్తుంది. ఇప్పుడు ఆ తీగను నిషాదంలో మీటి, అది మోగుతుండగానే మొదటి మెట్టు మీద వేలితో చిన్న దెబ్బ వేస్తే, మళ్లీ మీటకుండానే షడ్జమం పలుకుతుంది. ని నుంచి స వరకు ఆ చిన్న అడుగే వహినె శ్రుతికి అందం. అది లేకుండా వాయిస్తే శ్రుతి సరిగ్గానే ఉంటుంది, ఇంట్లో ఎవరూ లేనట్టు ఉంటుంది. మౌనా లోవా అనే మరో కుటుంబంలో పైరెండు తీగలను పంచమం దూరంలో ఉంచుతారు. ఇంకా మనుషుల పేర్లతో పిలిచే శ్రుతులు ఉన్నాయి. ఎవరు దాన్ని చేతికి వశం చేసుకుంటే వారి పేరే దానికి నిలిచిపోతుంది.

ఇదంతా ఎలా మొదలైంది? కథ ఆవులతో మొదలవుతుంది. 1793లో జార్జ్ వాంకోవర్ అనే ఆంగ్ల నావికుడు కమేహమేహా రాజుకు పశువులను కానుకగా ఇచ్చాడు. వాటిని చంపకూడదని రాజు నిషేధం పెట్టాడు. అవి అడ్డూ ఆపూ లేకుండా పెరిగి తోటల మీద పడ్డాయి. వాటిని అదుపు చేయడం ఎవరికీ చేతకాక, 1830ల ఆరంభంలో మెక్సికో పాలనలోని కాలిఫోర్నియా నుంచి గుర్రపు స్వారీ వచ్చిన పశువుల కాపరులను రప్పించారు. వాళ్లు మాట్లాడేది ఎస్పాన్యోల్ కాబట్టి స్థానికుల నోట ఆ మాట పనియోలో అయింది. నేటికీ హవాయిలో పశువుల కాపరిని పనియోలో అనే అంటారు. ఆ కాపరులతోపాటు గిటార్లు వచ్చాయి. కొందరు వెళ్లిపోతూ గిటార్లు వదిలేశారని, శ్రుతి చేసే పద్ధతి పూర్తిగా తెలియని స్థానికులు తమ గొంతులకూ తమ పాటలకూ అనువుగా తీగలు సడలించుకున్నారని తరతరాలుగా చెప్పుకుంటారు. ఇది నోటి చరిత్రే. అయినా తీగల తీరు చూస్తే నమ్మబుద్ధవుతుంది. పాడేవాడు తన గొంతుకు తగ్గట్టు వాద్యాన్ని దించుకుంటాడు గానీ, వాద్యానికి తగ్గట్టు గొంతును పెంచుకోడు కదా.

ఇక్కడ ఒక పిడకల వేట. కీ హోఆలును ప్రాచీన కళ అని రాయడం పర్యాటక సాహిత్యానికి అలవాటైపోయింది. ఆ కాపరులు దీవిలో దిగిన రోజుల్లో తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఇంకా కీర్తనలు కడుతూనే ఉన్నారు. అంటే ఇది మన త్రిమూర్తుల కాలం నాటిది, అంతే. పైగా దీని మొదటి వందేళ్ల నాదం ఎలా ఉండేదో వినే వీలు ఎవరికీ లేదు. 1946లో గాబీ పహినుయి రికార్డు ఇచ్చేవరకు ఈ గిటారు రికార్డులకు ఎక్కలేదు. వాయిపియో లోయలోని జలపాతం పేరుతో ఉన్న హియిలావె అనే పాట ఆయన వాయించి పాడినది. ఈ కళ చరిత్రను ఆ పాటకు ముందు, ఆ పాటకు తర్వాత అని రెండుగా చేసి చెబుతారు. అందులో అతిశయోక్తి లేదు. గాబీ పుట్టింది 1921లో. పెంపుడు బిడ్డగా పహినుయి ఇంట పెరిగాడు. హొనొలులులో రోడ్లు వేసే ముఠాలో కూలిపని చేస్తూ గిటారు వాయించాడు. వాయిమానాలోలో ఆయన ఇంటి పెరడు వారాంతాల్లో పాటగాళ్లతో నిండిపోయేది. అలా పెరట్లో కూడి వాయించుకోవడాన్ని కనికపిల అంటారు.

దాచుకోవడం ఎందుకన్నది తర్వాతి ప్రశ్న. ప్రతి కుటుంబానికీ తన శ్రుతి ఆస్తిలాంటిది. వాయించడం అయ్యాక తీగలన్నీ వదులు చేసి గిటారును పక్కన పెట్టేవారు. ఎవరైనా తీసుకుని మీటినా శ్రుతి దొరకకూడదని. మన పల్లెల్లో నాటువైద్యులు మూలికల పేర్లు చెప్పకుండా దంచి పొడి చేసి ఇచ్చినట్టు అన్నమాట. దీన్ని సంకుచితత్వమని తేలిగ్గా కొట్టిపారేయవచ్చు. కానీ ఆ రోజుల్లో హవాయివాళ్ల చేతిలో మిగిలిందేమిటో చూడాలి. 1893లో అమెరికా వ్యాపారులు, సైనికుల అండతో లిలియుఓకలానీ రాణిని గద్దె దించారు. 1896లో బడుల్లో బోధన ఇంగ్లిషులోనే ఉండాలని చట్టం చేశారు. 1898లో దేశమే అమెరికాలో కలిసిపోయింది. భూమి, రాజ్యం, భాష ఒకదాని వెంట ఒకటి చేజారిపోతున్న ఇంట్లో తాత గిటారు శ్రుతి ఒక్కటే ఎవరూ లాక్కోలేనిది. దాచుకోకుండా ఎలా ఉంటారు?

దాచుకున్నవాళ్లు ఎలా నేర్పారు? నేర్పలేదు, నేర్చుకోనిచ్చారు. హవాయి భాషలో ఒక సామెత ఉంది. కళ్లతో చూడు, చెవులతో విను, నోరు మూసుకో అని దాని సారం. రేమండ్ కానె అనే పెద్ద విద్వాంసుడు చిన్నప్పుడు నానాకులి తీరంలో చేపలు పట్టి తెచ్చి, ఆల్బర్ట్ కవెలో అనే వాద్యకారుడికి ఇచ్చి, బదులుగా పాఠం తీసుకునేవాడు. గురుదక్షిణ ముందే చెల్లించాలన్నమాట, అదీ తాజాగా. అదే కానెకు 1987లో అమెరికా ప్రభుత్వ కళల సంస్థ జాతీయ వారసత్వ పురస్కారం ఇచ్చింది.

ఇప్పుడు మన కుర్రవాడి దగ్గరికి వద్దాం. మకానా 1978లో పుట్టాడు. హవాయి భాషలో ఆ పేరుకు కానుక అని అర్థం. పెరిగింది వైకీకీలో, అంటే హోటళ్ల నీడలో. ఏడేళ్లకు పాట, తొమ్మిదేళ్లకు ఉకులేలే, పదకొండేళ్లకు కీ హోఆలు. మొదట బాబీ మోడెరో దగ్గర, ఆ తర్వాత సన్నీ చిల్లింగ్‌వర్త్ దగ్గర చేరాడు. సన్నీ పుట్టింది 1932లో. ఆయన గాబీ దగ్గర నేర్చుకున్నవాడు. గాబీ, సన్నీ, మకానా, మూడు తరాల వరుస. పాఠం కూడా అంకుల్ ఇంట్లోనే. హవాయిలో పెద్దవాళ్లందరినీ పిల్లలు అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు, అచ్చం మన కాలనీల్లోలాగే. అక్కడ ఆ మాటలో గురువు కూడా కలిసి ఉంటాడు.

పద్నాలుగేళ్లకే మకానా కచేరీలు చేయడం మొదలుపెట్టాడు. 1994లో సన్నీ కన్నుమూశారు. శిష్యుడికి అప్పటికి పదహారేళ్లకు మించవు. ఈ చిన్న అంకెల్లోనే అసలు సంగతి ఉందని నాకు అనిపిస్తుంది. కొద్ది ఏళ్ల సాంగత్యంలో గురువు దగ్గరున్న పాటలన్నీ రావు. శ్రుతులన్నీ రావు. వచ్చేది బొటనవేలి బరువు. ఎక్కడ మీటాలి, ఎక్కడ మీటకుండా ఊరుకోవాలి, ఒక స్వరం చచ్చిపోయేదాకా ఎంతసేపు ఆగాలి అన్నది ఎదురుగా కూర్చుంటే తప్ప అంటదు. నహెనహె అని అక్కడ ఒక మాట ఉంది. మెత్తన, తీయదనం, గాలిలో తేలడం అన్నీ కలిపిన గుణం. ఈ గిటారుకు అదే గీటురాయి. దాన్ని కాగితం మీద రాసి చూపే గుర్తు లేదు.

కాగితం అంటే గుర్తొచ్చింది. మకానా పుట్టేనాటికే ఈ రహస్యాల తాళాలు తీసేశారు. లెనర్డ్ క్వాన్ 1960లో పాట లేకుండా గిటారు మాత్రమే ఉన్న పూర్తి రికార్డు తెచ్చాడు. కియోలా బీమర్ 1973లో బోధన పుస్తకం అచ్చువేశాడు. కుటుంబ రహస్యాలను బజారులో పెట్టారని పెద్దల్లో కొందరికి కష్టం కలిగిందంటే అర్థం చేసుకోవచ్చు. కానీ అవతలి పక్క చూస్తే, దాచుకున్న శ్రుతి దాచుకున్నవాడితోనే కాటికి పోతున్న రోజులవి. రాక్ సంగీతం మోజులో పడిన మనవడు తాత పక్కన కూర్చోకపోతే రహస్యం ఎవరి కోసం? 1970లలో హవాయి సాంస్కృతిక పునరుజ్జీవనం వచ్చింది. 1976లో హోకూలెఆ అనే సంప్రదాయ నౌక దిక్సూచి లేకుండా నక్షత్రాలను చూసుకుంటూ తహితి చేరింది. 1978లో హవాయి భాష మళ్లీ అధికార భాష అయింది. ఆ వేడిలోనే గిటారు కూడా వసారా నుంచి వేదిక మీదికి వచ్చింది. 1990లలో జార్జ్ విన్‌స్టన్ అనే పియానో విద్వాంసుడు తన డాన్సింగ్ క్యాట్ సంస్థ ద్వారా సన్నీ, కానె, లెడ్‌వర్డ్ కాపానా వంటి పెద్దల చేతిని రికార్డుల్లో భద్రపరిచాడు. కాపానా ఊరు కలపానాను 1990లో లావా మింగేసింది. ఆ రికార్డులు ఎంత అవసరమో చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు.

తెరిచినందుకు చెల్లించిన ధర కూడా ఉంది. 2005లో గ్రామీ అవార్డుల్లో హవాయి సంగీతానికి ప్రత్యేక విభాగం పెట్టారు. మొదటి అవార్డు ఒక స్లాక్ కీ సంకలనానికి వచ్చింది. ఆ తర్వాత కూడా గిటారు సంకలనాలే ఎక్కువగా గెలుస్తూ వచ్చాయి. హవాయి భాషలో పాడేవాళ్లకు మండింది. అది అసూయ అనుకుంటే పొరపాటు. కీ హోఆలు మొదట పాటకూ హులా నృత్యానికీ తోడుగా పుట్టింది. చరణం ముగిశాక గిటారు ఒక చిన్న మలుపు వాయిస్తుంది, దాన్ని వ్యాంప్ అంటారు. ఆ రెండు క్షణాల్లో పాటగాడు ఊపిరి తీసుకుంటాడు, నర్తకి తర్వాతి చరణం మొదటి మాటను కేక వేసి అందిస్తుంది. పాట తీసేస్తే ఆ మలుపు ఉత్త అలంకారంగా మిగులుతుంది. మాట తెలియని అమెరికా న్యాయనిర్ణేతలకు గిటారు నచ్చడం సహజమే, కానీ ఆ నచ్చడం హవాయి పాటను మూగదాన్ని చేసింది. 2011లో ఆ విభాగాన్నే ఎత్తేసి మరో పెద్ద గంపలో కలిపేశారు.

మాట పోతే పోయేది అర్థం ఒక్కటే కాదు. హవాయి పాటలో కఓనా అనే లోపలి అర్థం ఉంటుంది. హియిలావె పాట పైకి జలపాతం గురించి. లోపల ఒక రహస్య ప్రేమ, దాని చుట్టూ ఊళ్లో లేచిన గుసగుసలు. పక్షులు కిచకిచమంటున్నాయంటే చెట్టు మీది పక్షులని అనుకోవద్దు. క్షేత్రయ్య పదాలు విన్నవాళ్లకు ఈ ఎత్తు చెప్పనక్కర్లేదు. మెత్తని రాగం కింద గట్టి మాట దాచడం కూడా ఇందులో భాగమే. 1893లో రాణిని దించినప్పుడు కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయబోమన్న రాజ వాద్యబృందం కోసం ఎలెన్ ప్రెండర్‌గాస్ట్ ఒక పాట రాసింది. మీ డబ్బు మాకొద్దు, మా నేల మీది రాళ్లే మాకు చాలు అంటుంది అందులో. రాగం వింటే జోలపాట అనుకుంటారు.

దీన్ని మనసులో పెట్టుకుని 2011 నవంబరులో జరిగింది చూడండి. హొనొలులులో ఆసియా పసిఫిక్ దేశాధినేతల సమావేశం. అధ్యక్షుడు ఒబామా ఇచ్చిన విందులో నేపథ్య సంగీతానికి మకానాను పిలిచారు. భోజనాల దగ్గర గిటారు అంటే ఎవరూ చెవి ఒగ్గరు, చెంచాల చప్పుడులో కలిసిపోవాలి అంతే. మకానా కోటు విప్పాడు. లోపలి చొక్కా మీద ఆలోహాతో ఆక్రమించండి అన్న నినాదం. ఆలోహా అంటే ప్రేమ. న్యూయార్క్‌లో వాల్ స్ట్రీట్‌ను ఆక్రమించండి అంటూ నిరసనలు జోరుగా సాగుతున్న రోజులవి. ఆ ఉద్యమం కోసం తానే రాసిన పాటను ఎత్తుకున్నాడు. మనమే ఎక్కువమందిమి అనే పల్లవి. మెత్తగా, తీయగా, ముప్పావు గంటకు దగ్గరగా తిప్పి తిప్పి పాడాడు. దేశాధినేతలు భోజనం చేస్తూనే ఉన్నారు. ఎవరూ ఆపలేదు.

ఆ పాట ఇంగ్లిషులో ఉంది. అది సంప్రదాయ పాట కాదు. మకానా తన వాయిద్యాన్ని రాక్‌తో కలిపి వాయించడం నచ్చనివాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు, శుద్ధంగా వాయించిన ఎన్నో రికార్డులకంటే ఆ విందులోనే కీ హోఆలు స్వభావం ఎక్కువగా కనిపించింది. మెత్తదనాన్ని ముసుగుగా వాడి గట్టి మాట చెప్పడం 1893 నాటి విద్యే. తన శ్రుతి తాను పెట్టుకోవడమూ పాత విద్యే. గాబీ ఎవరినీ అచ్చు గుద్దినట్టు వాయించలేదు. సన్నీ గాబీలా వాయించలేదు. గురువును మక్కికి మక్కి దించితే అక్కడ మెప్పు రాదు, ఇదిగో వీడింకా తన చెయ్యి వెతుక్కోలేదు అంటారు.

మన దేశానికి మరో చిన్న దారం కూడా ఉంది. 1970ల మధ్యలో హవాయి వెళ్లి గాబీ పక్కన కూర్చుని వాయించిన అమెరికా గిటారు విద్వాంసుడు రై కూడర్. అదే కూడర్ తర్వాత మన విశ్వమోహన్ భట్‌తో కలిసి చేసిన రికార్డుకు 1994లో గ్రామీ వచ్చింది. భట్ మోహన వీణ కూడా హవాయి గిటారు నుంచి మలచుకున్నదే. అక్కా చెల్లెళ్ల ఇళ్లకు ఒకే అతిథి వెళ్లివచ్చాడు.

వినాలనిపిస్తే ముందు గాబీ హియిలావె వినండి. తర్వాత సన్నీ రికార్డు ఏదైనా సరే. ఆ తర్వాత ద డిసెండెంట్స్ సినిమా పాటల సంకలనంలో మకానా వాయించిన గిటారు ముక్క. అదే సంకలనంలో గాబీ, సన్నీ కూడా ఉన్నారు కాబట్టి వెతుక్కునే శ్రమ తగ్గుతుంది. మొదటిసారి పాట వెంట పోవద్దు. కింద నడిచే బొటనవేలిని మాత్రమే పట్టుకోండి. ముగ్గురిదీ ఒకే నడకా కాదా అన్నది రెండోసారి విన్నప్పుడు మీకే తేలుతుంది. విన్నాక గిటారు పక్కన పెట్టేముందు ఆ మూడు తీగలను మళ్లీ బిగించడం మరిచిపోకండి, లేకపోతే రేపు పిల్లవాడు వచ్చి గిటారు చెడిపోయిందంటాడు.